సెలవు మీద వెళ్ళిన ఆకులు

వేములదిన్నెలో చెట్లు ఉన్నాయన్న సంగతి పైఆఫీసు వాళ్ళకు ఆ ఏడాది మాఘమాసంలో తెలిసింది. అంతవరకూ అవి ఎవరి అనుమతీ తీసుకోకుండా పెరుగుతూ వచ్చాయి. ఇక ఊరుకోకూడదని నిర్ణయించి రాజధాని నుంచి మునిసిపాలిటీకి ఒక సర్క్యులరూ, దానితోపాటు బొమ్మలున్న చిన్న పుస్తకమూ పంపారు. రెండూ ఇంగ్లీషులోనే ఉన్నాయి.

వాటిని తెలుగు చేసే పని గుమాస్తా జోగినాథం నెత్తిన పడింది. ఆయన దగ్గర చెదలు అట్ట తినగా మిగిలిన నిఘంటువు ఒకటి ఉండేది. ఆ నిఘంటువుతోనే ఇరవై మూడేళ్ళుగా పైవాళ్ళ మాటల్ని కిందివాళ్ళకు అందిస్తున్నాడు. చెట్టును దేనిని బట్టి గుర్తుపట్టాలో సర్క్యులర్లో మూడు మాటలు ఉన్నాయి. మొదటిదీ మూడోదీ ఇట్టే లొంగాయి. రెండో మాట కోసం నిఘంటువు తిరగేస్తే ‘సూది’ అని కనిపించింది. చెట్టుకు సూదేమిటని ఆయన కలం ఒక్క నిమిషం ఆగింది. కానీ పైవాళ్ళు ఊరికే రాయరు కదా. పైగా ఆయన పని తెలుగు చెయ్యడం, అర్థం చేసుకోవడం కాదు. మర్నాటికల్లా గోడలకు నోటీసులు అంటించారు.

“ఇందుమూలముగా పుర ప్రజలకు తెలియజేయడమేమనగా, పుర పరిధిలోని ప్రతి వృక్షమునకు సంబంధించి ఆకు, సూది, గింజ అను మూడు నమూనాలు సమర్పించబడవలెను. మూడును కలిగిన వృక్షము స్వదేశీ వృక్షముగా నిర్ధారింపబడి రేకుబిళ్ళ పొందగలదు. ఏ ఒక్కటి లోపించినను సదరు వృక్షము పరాయిదిగా ఎంచబడి తొలగింపబడును.”

మునిసిపల్ ఆఫీసు గోడ పక్కన, నెమలినార చెట్టు కింద, గోనెపట్టా పరుచుకుని నాంచారమ్మ కూర్చుంటుంది. సూదులు, పిన్నీసులు, పూసలు, పేలు దువ్వే ఈరుబానలు అమ్ముతుంది. ఆడవాళ్ళు దువ్వెనలో రాలిన జుట్టును ఉండలు చుట్టి తెచ్చి ఇస్తే బదులుగా సూదులు ఇస్తుంది. అరవై దాటిన మనిషి. ఆ నోటీసు ఆమె తలకు పైన గోడకే అంటించారు గాని, చదువు రాదు కాబట్టి బంట్రోతు సైదులు వచ్చేదాకా ఆమెకేమీ తెలియలేదు.

“పెద్దమ్మా, వేపచెట్టుకు ఏ సూది పడుద్ది?”

“వేపచెట్టుకు సూదేందిరా? పొద్దున్నే ఏం తాగొచ్చావు?”

“నా మీద ఒట్టు పెద్దమ్మా. గవర్నమెంటు ఆర్డరు. ఆఫీసు గేటుకాడ వేప ఉంది సూడు, దానికి ఆకు దొరికింది, గింజ దొరికింది, సూది లేదు. సూది లేకపోతే కొట్టేస్తారంట.”

నాంచారమ్మ చాలాసేపు నవ్వింది. తర్వాత వేపవైపు చూసింది. ఆరోగ్యంగా ఉన్న చెట్టు. పాపం, ఒక్క సూది కోసం పోవడమెందుకని మాంచి జాకెట్టు సూది ఒకటి తీసి ఇచ్చింది.

మధ్యాహ్నానికి ఊళ్ళో సగంమంది ఆమె పట్టా ముందు నిలబడ్డారు. పెరట్లో జామ ఉన్నవాళ్ళు, దొడ్లో మునగ ఉన్నవాళ్ళు, బడి ముందు చింత ఉన్న పంతులుగారు. ఏ చెట్టుకు ఏ సూది తగునో నోటీసులో లేదు. ఆఫీసులో అడిగితే “దానిపై స్పష్టత కోరడమైనది” అన్నారు. కాబట్టి ఆ బాధ్యత కూడా నాంచారమ్మ మీదే పడింది. ఆవిడ చెట్టు పేరు అడిగి, కాస్త ఆలోచించి, కొబ్బరికి గోతాలు కుట్టే దబ్బనం, చింతకు బొంత సూది, కరివేపాకుకు పూసలు గుచ్చే సన్న సూది ఇచ్చేది. “మా గన్నేరుకు ఇంత లావుదా నాంచారమ్మా?” అని ఎవరన్నా గొణిగితే, “గన్నేరు మొండిదమ్మా, సన్నదైతే ఇరిగిపోద్ది” అనేది. ఎవరూ ఎదురు చెప్పలేదు. సూదుల గురించి ఆమెకు తెలియనిది లేదని అందరికీ తెలుసు.

అలా ఆరు రోజులు గడిచేసరికి ఊళ్ళో ప్రతి చెట్టు మొదట్లోనూ ఒక సూది మెరుస్తూ కనపడింది. నాంచారమ్మకు ఇంత సందడి ఎన్నడూ లేదు. కానీ ఏడో రోజున ప్రత్యేకాధికారి ప్రభంజనరావుగారు జీపు దిగారు.

ప్రభంజనరావుగారు నిబంధనలను ప్రేమించే మనిషి. నిబంధన ఎంత విచిత్రంగా ఉంటే అంత ప్రేమించేవారు. దిగీ దిగగానే కమిషనర్ బంగళాలో ఉన్న సరుగుడు చెట్టు దగ్గరకు వెళ్ళారు. కమిషనర్‌గారు స్వయంగా ఎదురొచ్చి, “మా చెట్టుకు విడిగా సూది పెట్టనక్కర్లేదండీ. చూడండి, ఒళ్ళంతా సూదులే” అని గర్వంగా చెప్పారు.

ప్రభంజనరావుగారు ఒక పచ్చటి పుల్లను తుంచి, కళ్ళద్దాలు సవరించుకుని వెలుతురుకు పెట్టి చూశారు.

“బెజ్జం ఏదీ?”

“అంటే... చెట్టుది కదండీ...”

“బెజ్జం లేనిది సూది అనబడదు. ఇది సూది వేషం వేసిన పుల్ల. శాఖను తప్పుదోవ పట్టించే ప్రయత్నంగా దీన్ని పరిగణిస్తున్నాను. జోగినాథం, రాసుకోండి. పరాయిది.”

ఊరంతటికీ నిజంగా సూదుల్లాంటివి ఉన్న చెట్టు అదొక్కటే. అదొక్కటే మొదటి రోజున తప్పింది. కమిషనర్‌గారు ఆ సాయంత్రమే నాంచారమ్మ దగ్గరకు మనిషిని పంపి ఒక దబ్బనం తెప్పించుకున్నారు.

మర్నాడు పప్పుల బజారులో ఒక పెళ్ళి. వాకిట్లో పందిరికి పాతిన పెళ్ళిరాట దగ్గర ప్రభంజనరావుగారు ఠక్కున ఆగిపోయారు. రాటకు మామిడాకులు కట్టి ఉన్నాయి. నవధాన్యాలు పోసిన పసుపు గుడ్డ మూట వేలాడుతోంది. మూట కుట్టిన ముసలావిడ సూదిని దానికే గుచ్చి మరిచిపోయింది.

“ఆకు ఉంది. సూది ఉంది, బెజ్జంతో సహా ఉంది. గింజలు తొమ్మిది రకాలు ఉన్నాయి. ఇంత సమగ్రమైన వృక్షాన్ని నా సర్వీసులో చూడలేదు” అన్నారు ఆయన, గొంతు కొంచెం బొంగురుపోయి.

పెళ్ళికూతురి తండ్రి పరుగెత్తుకొచ్చాడు. “అయ్యా, అది చెట్టు కాదండీ, రాటండీ!”

“రాట అనేది స్థానిక నామం కావచ్చు. జోగినాథం, రాసుకోండి. స్వదేశీ. మొదటి రేకుబిళ్ళ దీనికే.”

స్వదేశీ వృక్షాన్ని పీకడం నేరం. పెళ్ళయింది, పిల్ల అత్తారింటికి వెళ్ళింది, పందిరి విప్పారు. రాట మాత్రం రేకుబిళ్ళతో వీధి మధ్యన నిలబడే ఉంది. రోజూ దానికి నీళ్ళు పొయ్యమని ఆ ఇంటికి నోటీసు కూడా వచ్చింది.

రాటకు రేకుబిళ్ళ కొట్టిన సాయంత్రమే ప్రభంజనరావుగారు ఆఫీసు గోడ పక్కకు వచ్చారు.

నెమలినార చెట్టు మాఘం దాటేసరికి ఒక్క ఆకు కూడా ఉంచుకోదు. బోడి కొమ్మలతో, ఎవరో ఆకాశం మీద గీసి పోయినట్టు ఉంటుంది. నాంచారమ్మ సూదుల పొట్లాలూ పిన్నీసుల అట్టలూ దాని మొదట్లో మేకులకు వేలాడుతున్నాయి.

“సూదులు వందల్లో ఉన్నాయి. ఆకు ఏదమ్మా?” అన్నారు ప్రభంజనరావుగారు.

నాంచారమ్మ లేచి నిలబడి కొంగు సర్దుకుంది. “రాలినయ్యి దొరా. మళ్ళా వస్తయ్యి.”

“ఎప్పుడు?”

“ఉగాది దాటాక. ముందు పచ్చటి బిళ్ళలు గుత్తులు గుత్తులుగా కాస్తయ్యి. కాగితం లాగా పలచంగా ఉంటయ్యి, మధ్యన గింజ. ఆటెనకే చిగురు. బిళ్ళలు ఎండి గాలికి ఎగిరిపోతయ్యి. ఏటా అంతే.”

“అంటే తనిఖీనాడు ఆకూ లేదు, గింజా లేదు. పరాయిది. ఇవాళ్టికి ఎనిమిదో రోజున తొలగించండి.”

నాంచారమ్మ ఒక చెయ్యి చెట్టు మొదలు మీద వేసింది. “అయ్యా, నా దగ్గరకు రాలిన జుట్టు పట్టుకుని ఎంతమంది ఆడోళ్ళు వస్తారో! రాలిందని చెప్పి వాళ్ళందర్నీ గుండోళ్ళ కింద జమకడతానా? తల ఉంది కదా, మళ్ళీ వస్తది.”

వెనక నిలబడ్డ సైదులు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ప్రభంజనరావుగారు మాత్రం నవ్వలేదు. “జుట్టు మా శాఖ పరిధిలోకి రాదు” అని చెప్పి జీపెక్కారు.

నాంచారమ్మకు ఆ చెట్టు కావలసింది నీడ కోసం మాత్రమే కాదు. నలభై ఏళ్ళ కిందట, ఊరూరూ తిరిగే వాళ్ళ పూసల గుంపు ఈ చెట్టు కిందే రెండుగా విడిపోయింది. సగం కృష్ణ దాటి అవతలికి వెళ్ళింది, సగం ఇటు ఉండిపోయింది. నాంచారమ్మ అక్క అంకమ్మ అవతలికి వెళ్ళిన వాళ్ళలో ఉంది. పోతూ పోతూ, “ఈ చెట్టు గింజలు ఎగిరే రోజుల్లో వస్తానే” అంది. అన్నట్టే ఏటా వచ్చింది. మధ్యలో ఒక రెండేళ్ళు మాత్రం రాలేదు. ఆ రెండేళ్ళూ నాంచారమ్మ ఎగిరే ప్రతి గింజ వెనకా రోడ్డు చివరిదాకా చూసింది. మూడో ఏడు అంకమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని, “జొరమొచ్చిందే, ఏడవకు” అంటూ వచ్చింది. మిగతా రోజుల్లో ఆమె ఏ ఊళ్ళో ఉంటుందో, ఏ సంతలో ఉంటుందో ఎవరికీ తెలియదు. ఉత్తరం రాయడానికి ఇద్దరికీ అక్షరం రాదు, రాయించినా పంపడానికి చిరునామా లేదు. వాళ్ళ చిరునామా ఈ చెట్టు. దాన్ని కొట్టేస్తే అంకమ్మ వచ్చి, చూసి, ఊరు తప్పాననుకుని వెళ్ళిపోతుంది.

మర్నాడు మధ్యాహ్నం జోగినాథం టిఫిన్ క్యారియరుతో చెట్టు దగ్గరకు వచ్చాడు. చంకలో రాజధాని నుంచి వచ్చిన బొమ్మల పుస్తకం ఉంది.

“నాంచారమ్మా, జమ్మిచెట్టుకు ఏ సూది రాయమంటావు?”

ఆయన కూర్చోబోతుంటే పుస్తకం జారి పట్టా మీద తెరుచుకుని పడింది. మంచు కప్పిన కొండ మీద మొనదేలిన చెట్టు బొమ్మ. పక్కనే దాని ఆకుల గుత్తిని పెద్దదిగా వేశారు. నాంచారమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది.

“బాబూ, ఇది సూది కాదుగా.”

“ఏది?”

“ఇదిగో. ఈ చెట్టు ఆకే ఇట్టా ఉంది, సూది లాగా సన్నంగా. మన కమిషనర్ గారి సరుగుడు లేదూ, అట్టాగ. ఆకు వెడల్పుగా ఉంటే ఆకు, సన్నంగా ఉంటే సూది అని రాసుంటారు ఇంగిలీసులో. కుట్టే సూది ఎందుకు పెట్టమంటారయ్యా చెట్టుకి?”

జోగినాథం బొమ్మ చూశాడు. దాని కింద ఇంగ్లీషు ముక్క చూశాడు. మళ్ళీ బొమ్మ చూశాడు. అక్షరం రాని మనిషి అర నిమిషంలో చదివినదాన్ని ఆయన అక్షరాలన్నీ వచ్చి కూడా చదవలేకపోయాడు. ఊరంతా మెరుస్తున్న సూదులన్నీ ఒక్కసారిగా తన ఒంట్లోనే దిగినట్టనిపించింది.

“నాంచారమ్మా! ఇది ఎవరికన్నా చెప్పావంటే నా ఉద్యోగం గోవిందా. ఇంకా నాలుగేళ్ళుంది రిటైరవడానికి.”

“నేనెవరికి చెప్తాను బాబూ? చెప్పినా ఎవరు నమ్ముతారు, చదువుకున్నోళ్ళు రాసినదాన్ని నేను తప్పంటే?” ఆమె పుస్తకం మూసి ఆయన చేతికిచ్చింది. “నువ్వు రాసిన ముక్కతోనే కదా నా చెట్టుకు చావొచ్చింది. నీ రాతతోనే దాన్ని కొన్నాళ్ళు ఆపు. గింజలు ఎగిరేదాకా ఆగితే చాలు. మా అక్క వస్తది.”

జోగినాథం ఆ మధ్యాహ్నం క్యారియరు విప్పలేదు. సాయంత్రానికి ఒక నోటు తయారు చేసి ప్రభంజనరావుగారి బల్ల మీద పెట్టాడు.

“సార్, సదరు నెమలినార వృక్షం ఆకులు లేనిది కాదండి. ఆకులు సెలవు మీద ఉన్నాయి.”

ప్రభంజనరావుగారు తలెత్తారు. కళ్ళలో ఒక మెరుపు కనిపించింది. “ఏ రకం సెలవు?”

“ఆర్జిత సెలవండి. ఏడాదంతా ఎండలో డ్యూటీ చేశాయి. ఉద్యోగి సెలవులో ఉన్నంత మాత్రాన పోస్టు రద్దు చెయ్యకూడదని సర్వీసు రూల్సులో ఉంది కదండీ.”

“ఉంది. కానీ దరఖాస్తు ఏదీ?”

దరఖాస్తు జోగినాథమే రాశాడు. చెట్టుకు సంతకం రాదు కాబట్టి బెరడుకు సిరా పూసి దాని వేలిముద్ర తీసుకున్నారు. సాక్షి సంతకం కింద నాంచారమ్మ వేలిముద్ర. రెంటినీ పక్కపక్కన చూస్తే ఏది ఎవరిదో చెప్పడం కష్టమని సైదులు అన్నాడు.

“సెలవు మంజూరు చేస్తున్నాను. అయితే ఈలోపు ఆకుల విధులు ఎవరు నిర్వహిస్తారు? ఇన్‌చార్జి ఉండాలి” అన్నారు ప్రభంజనరావుగారు, ఎన్నో ఏళ్ళ తర్వాత మనసుకు నచ్చిన ఫైలు దొరికినట్టుగా.

గేటు దగ్గర వేపకు అదనపు బాధ్యతలు అప్పగించారు. రోజూ పొద్దున పదింటికి సైదులు వేపకొమ్మ ఒకటి విరిచి నెమలినారకు కట్టేవాడు. రిజిస్టరులో ‘హాజరు’ అని రాసేవాడు. సాయంత్రం ఐదింటికి విప్పేసేవాడు. ఆదివారాలు కట్టేవాడు కాదు. రెండు వారాలకు వేప తరఫున ఎవరో అదనపు భత్యం అడిగారని పుకారు పుట్టింది గాని, అది సైదులే పుట్టించాడు.

సెలవుకు గడువు మాత్రం ఉంది. చైత్ర పౌర్ణమి సాయంత్రం ఐదు గంటల్లోగా ఆకులు స్వయంగా డ్యూటీలో చేరాలి. లేకపోతే చెట్టును విధుల నుంచి, అంటే నేల నుంచి, తొలగిస్తారు.

ఉగాది వెళ్ళింది. నెమలినార కొమ్మల నిండా పచ్చటి బిళ్ళలు గుత్తులు కట్టాయి. గింజ సమస్య తీరింది. ఆకు జాడ లేదు. నాంచారమ్మ పొద్దున రాగానే మెడ వెనక్కి విరిచి చూసేది. మధ్యాహ్నం చూసేది. సూది అడిగిన మనిషికి పిన్నీసు ఇచ్చి, మళ్ళీ పైకి చూసేది.

పౌర్ణమినాడు నాలుగున్నరకు రంపాలూ మోకులూ తీసుకుని మనుషులు వచ్చారు. చెట్టు కింద బల్ల వేశారు. దాని వెనక ప్రభంజనరావుగారు గడియారం పెట్టుకుని కూర్చున్నారు. ఊరి జనం మూగారు. కమిషనర్‌గారు కూడా వచ్చారు. దబ్బనం పుణ్యమా అని ఆయన సరుగుడు బతికి ఉంది.

“ఇంకా ఇరవై నిమిషాలు” అన్నారు ప్రభంజనరావుగారు.

“దొరా, కొసన చూడండి. చిటారు కొమ్మన ఏదో ఉంది. నా కళ్ళకు సరిగా ఆనడం లేదు గాని, ఏదో ఉంది” అంది నాంచారమ్మ.

“ఏదో ఉండడం ఆకు ఉండడం కాదు.”

సైదులు ఎవరూ చెప్పకుండానే చొక్కా విప్పి చెట్టెక్కాడు. ఐదుకు ఏడు నిమిషాలుండగా పైనుంచి కేక వినిపించింది.

“చేరింది పెద్దమ్మా! ఒకటి చేరింది! చిన్నది, ముడత ఇంకా ఇప్పుకోలేదు. ఆకే!”

జనం ఈలలు వేశారు. ప్రభంజనరావుగారు చెయ్యెత్తారు. “ఒక్క ఆకా? వేలాది ఆకులు సెలవు మీద వెళ్ళి ఒక్కటి చేరితే మొత్తం సిబ్బంది చేరినట్టు ఎలా అవుతుంది? సర్క్యులర్ ఏమంటోంది జోగినాథం?”

జోగినాథం ఫైలు తెరిచాడు. ఇంగ్లీషులో ఆ మూడు మాటలూ బహువచనంలో ఉన్నాయి. ఆ రోజు తొందరలో ఆయన మూడింటినీ ఏకవచనం చేసి పారేశాడు. ఇన్నాళ్ళూ ఆ సంగతి ఆయనే గమనించలేదు. గొంతు సవరించుకుని, ముద్ర వేసిన తెలుగు ప్రతిని జీవితంలో మొదటిసారి గట్టిగా చదివాడు.

“‘ఆకు, సూది, గింజ’ అని ఉంది సార్. ఏకవచనం.”

“ఏకవచనమా?”

“ఏకవచనమే సార్. ముద్రతో సహా.”

ప్రభంజనరావుగారు కాగితం అందుకుని రెండుసార్లు చదివారు. ముద్రకు ఆయన ఎన్నడూ ఎదురు చెప్పి ఎరగరు. “ఆకు ఒకటి. గింజ ఉంది. సూది?”

నాంచారమ్మ జాకెట్టుకు గుచ్చుకున్న సూదిని తీసింది. దానికి ఇంకా ఎర్రదారం ఉంది. దారంతో సహా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి బెజ్జం చూశారు.

“స్వదేశీ” అన్నారు. రంపాల వాళ్ళు వేపచెట్టు కింద చుట్టలు ముట్టించారు.

ఆ నెలాఖరున రాజధాని నుంచి పెద్దలు తనిఖీకి వచ్చి, ఈ ప్రాంతపు చెట్లకు సూదులు కూడా ఉండడం విశేషమని మెచ్చుకున్నారు. మిగతా మునిసిపాలిటీలు వేములదిన్నెను చూసి నేర్చుకోవాలని రాసి వెళ్ళారు. ప్రభంజనరావుగారికి వేరే జిల్లాలో చెరువులు బతికున్నాయో లేదో నిర్ధారించే పని అప్పగించారు. జోగినాథం మాత్రం నిఘంటువుకు కొత్త అట్ట వేయించుకున్నాడు. ఏ మాటైనా తెలుగు చేసే ముందు దాని బొమ్మ ఎక్కడన్నా ఉంటే, తీసుకెళ్ళి నాంచారమ్మకు చూపించేవాడు.

చెట్టు నిండా ఆకులొచ్చాయి. బిళ్ళలు ఎండాయి. ఒక మధ్యాహ్నం గాలి లేచింది. గింజలు ఒక్కసారిగా ఎగిరి, ఆఫీసు కిటికీల్లోంచి ఫైళ్ళ మీదకీ, సిరాబుడ్డిలోకీ, జోగినాథం మజ్జిగన్నంలోకీ వెళ్ళాయి. నాంచారమ్మ రోడ్డు చివరికి చూస్తూ కూర్చుంది. ఆ రోజు ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. కొమ్మల మీద బిళ్ళలు పలచబడుతున్నాయి.

మూడోనాడు ఎండ దిగే వేళకు, నెత్తిన బుట్టతో, నోటి నిండా తాంబూలంతో అంకమ్మ వచ్చింది. ఏడాదికేడాది ఇంకొంచెం పొట్టిదవుతోంది. బుట్ట దించి, చెట్టు మొదలు పట్టుకుని ఊపిరి తీసుకుంది. రేకుబిళ్ళ తగిలింది.

“ఏందే ఇది? చెట్టుకు తాళిబొట్టు కట్టారా?”

“సర్కారోళ్ళు కట్టారు. ఇది మన ఊరి చెట్టేనని రాశారంట. ఊరిదని చెప్పాలంటే ఆకు, సూది, గింజ, మూడూ ఉండాలంట.”

“సంబడంలే. చెట్టుకైతే ఊరుంది. మనకు ఏ ఊరు రాసిస్తారే, తిరుగుళ్ళోళ్ళకు?”

నాంచారమ్మ అక్కను కిందినుంచి పైదాకా చూసింది. పెదాల మీద తమలపాకు ఎరుపు. బుట్టలో సూదుల పొట్లాలు. దుమ్ము పట్టిన తెల్లజుట్టులో ఎప్పుడు పడిందో పలచటి బిళ్ళ ఒకటి, మధ్యన గింజతో.

“నోట్లో ఆకుంది, బుట్టలో సూదుంది, జుట్లో గింజుంది. నువ్వూ ఈ ఊరిదానివే. కూకో.”